తెనాలి మార్నింగ్ షోలో తిరగబడిన రీలు

"ఓటీటీలో, యూట్యూబ్‌లో దొరికే పాత సినిమాని డబ్బులు పెట్టి హాలుకెళ్ళి చూడటం దేనికండీ?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఒక్క ఆదివారమైనా పాత సినిమా మార్నింగ్ షోకి వెళ్ళి ఉంటే ఇలా అడిగేవారు కాదనే నా నమ్మకం.

మాది తెనాలి. 1996లో నేను ఎనిమిదో క్లాసు. మా హాల్లో మ్యాట్నీ నుంచి సెకండ్ షో దాకా కొత్త సినిమా ఆడితే, పొద్దున పదకొండింటి ఆట మాత్రం పాతవాటికి వదిలేసేవాళ్ళు. టికెట్టు కూడా తక్కువే. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులుండేవి కదా, అక్కణ్ణించి రీళ్ళ బాక్సు పాసింజర్ బండిలో దిగేది. బాక్సు రిక్షా ఎక్కిందంటే ఆట ఉన్నట్టే.

ఆ ఆదివారం మాయాబజార్. మా అమ్మ ఆడవాళ్ళ కౌంటర్లో దూరి మూడు కుర్చీ టికెట్లు తెచ్చింది, ఆవిడకీ, నాకూ, పక్కింటి పిన్నిగారికీ. తెనాలి వాళ్ళకి ఆ సినిమా మీద కాస్త సొంత హక్కు ఉంటుంది. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి గారిది మా ఐతానగర్, బలరాముడి వేషం కట్టిన గుమ్మడి గారిది మా పక్కనే రావికంపాడు. గుమ్మడి తెర మీదకి రాగానే బెంచీ క్లాసులోంచి "మనోడు, మనోడు" అని ఒకటే కేకలు. 1957 నాటి సినిమా, ప్రింటు బాగా అరిగిపోయింది, తెర మీద గీతలతో వాన కురుస్తున్నట్టే ఉంది. అయినా కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే గారి వెన్నెల్లో పడవ కదిలేసరికి హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఘటోత్కచుడు అడవిలో అభిమన్యుణ్ణి అడ్డగించి యుద్ధానికి దిగాడు, అంతవరకు బాగానే ఉంది. రీలు మారింది. చూస్తే సుభద్ర ఇంకా ద్వారకలోనే ఉండి, ఇచ్చిన మాట తప్పావని అన్నగారిని నిలదీస్తోంది! మా ముందు వరసలో కూర్చున్న పంచెకట్టు పెద్దాయన లేచి నిలబడి క్యాబిన్ వైపు చెయ్యెత్తి "ఒరేయ్, రీలు తిరగబడిందిరా!" అని అరిచాడు. అంతే, నేల నుంచి బాల్కనీ దాకా అదే మాట. లైట్లు వేశారు. ఆపరేటర్ గారు పైన రీళ్ళు సర్దుకునేందుకు ఒక పావుగంట పట్టింది.

ఆ పావుగంటే నాకు సినిమా కంటే ఎక్కువ గుర్తుండిపోయింది. ఒక్కళ్ళు కూడా లేచి వెళ్ళలేదు. ఆ పెద్దాయన మా పిల్లల వైపు తిరిగి, మేము చూడకుండా దాటిపోయిన కథంతా, రేవతీదేవికి ఆశ ఎలా పుట్టింది, పాండవులు ఆస్తి పోగొట్టుకున్నాక చుట్టాలు ఎలా మొహం చాటేశారు, శశిరేఖ ఎంత ఏడ్చింది, అన్నీ గొంతు మార్చి మార్చి చెప్పాడు. మధ్యలో ఆయన ఒక డైలాగు తప్పు చెబితే బెంచీలోంచి ఎవరో సరిదిద్దారు. మా పిన్నిగారు సావిత్రి పాట ఎత్తుకుంది, మా అమ్మ కలిసింది, వెనకాల ఇంకో నలుగురు ఆడవాళ్ళు అందుకున్నారు. మా అమ్మ పాడగలదని నాకు ఆ రోజే తెలిసింది. ఇంట్లో ఎప్పుడూ పాడగా వినలేదు మరి.

ఇది ఏ ఓటీటీలో వస్తుందో మీరే చెప్పండి. ఇంట్లో మనం పది సెకన్లు ముందుకు జరుపుకుంటూ, మధ్యలో వాట్సాప్ చూసుకుంటూ చూస్తాం. ఎస్వీ రంగారావు గారు పెళ్ళి వంటకాలన్నీ లాగించే చోట ఒక్కడివే కూర్చుని చూస్తే చిన్న నవ్వు వస్తుంది, అదే ఐదారు వందల మంది మధ్యలో కూర్చుంటే పొట్ట పట్టుకుని నవ్వుతాం.

ఇప్పుడు రీ-రిలీజులు వస్తున్నాయి కదా అంటారేమో. 2022 ఆగస్టులో మహేష్ బాబు పుట్టినరోజుకి పోకిరి మళ్ళీ వేసినప్పటి నుంచి ప్రతి హీరో పుట్టినరోజుకీ ఒకటి వేస్తున్నారు. మంచిదే, నేనూ రెండు మూడు చూశాను. కానీ తెర ముందు టపాసులు కాల్చడం, కుర్చీలు చింపడం ఏమిటండీ? కాగితాలు ఎగరేసుకోండి, ఈలలు వేసుకోండి, ఎవరూ వద్దనరు. సింగిల్ స్క్రీన్ నడిపేవాడు అసలే కరెంటు బిల్లు కట్టలేక అవస్థ పడుతుంటే, తెర కాలిపోతే ఆయన మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాడు? పైగా ఇవన్నీ హీరోల లెక్క ప్రకారం వచ్చేవే. ఒక ఎల్వీ ప్రసాద్, ఒక కేవీ రెడ్డి, ఒక బీఎన్ రెడ్డి లాంటి దర్శకుల పేరు మీద వారం రోజులు సినిమాలు వేసే హాలు మన రెండు రాష్ట్రాల్లో ఊరికొకటి ఎందుకు ఉండకూడదు?

ఇంకో బాధ. పాత సినిమాలు దాదాపు చదరం బొమ్మతో తీసినవి. వాటిని ఇప్పటి వెడల్పు తెరకి నింపాలని పైనా కిందా కోసేస్తున్నారు. మనిషి నుదురు తెగిపోతుంది, కాళ్ళు కనిపించవు. రెండు పక్కలా నల్లగా వదిలేస్తే జనం ఏమీ అనుకోరు, నేను హామీ ఇస్తాను.

ప్రింట్లు లేవు, ఖర్చు ఎక్కువ అనే మాట ఇదివరకు చెల్లేది. 1932లో వచ్చిన మన మొదటి టాకీయే ఈ రోజు చూద్దామంటే లేదు, అంత నిర్లక్ష్యం మనది. కానీ ఉన్నవాటిని ఒకసారి శుభ్రం చేసి డిజిటల్‌గా పెట్టుకుంటే ఇక రైలూ వద్దు, రిక్షా వద్దు, రీలు తిరగబడే భయమూ లేదు. అదే ఫైలు తెనాలిలో వేయొచ్చు, సిద్దిపేటలో వేయొచ్చు. పదకొండింటి ఆటకి ఇప్పుడు చాలా హాళ్ళలో పాతిక మంది కూడా ఉండటం లేదని చూస్తూనే ఉన్నాం. ఆ ఖాళీ కుర్చీలకి ఒక పాత సినిమా, డెబ్బై రూపాయల టికెట్టు పెడితే తాతలూ మనవలూ కలిసి వస్తారు.

నేను మాయాబజార్ చూసిన హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా ఆ పెద్దాయన అరిచిన చోటు రాగానే "ఇక్కడే కదరా" అంటుంది. తెనాలిలో హాలు నడుపుతున్నవాళ్ళెవరైనా ఇది చదివితే ఒక్క ఆదివారం మార్నింగ్ షో వేయండి. కింది క్లాసులో ముప్పై టికెట్లు నేను కొంటాను.