హెపటైటిస్ సి: దేశానికో రకం ఎందుకు?

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ ఒకటే అయినా మన దేశంలో 3వ రకం, ఈజిప్టులో 4వ రకం ఎక్కువ ఎందుకని అడిగారు. ఈ వైరస్ తన జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు నకలు తీసేటప్పుడు దొర్లిన తప్పులను దిద్దుకోదు. అవి పోగుపడే ఇన్ని జన్యురకాలు పుట్టాయి. రకానికీ రకానికీ జన్యుక్రమంలో దాదాపు 30 శాతం తేడా.

ఏది ఎక్కడ పాతుకుపోయిందన్నది మాత్రం చాలావరకు సూది కథే. ఈజిప్టులో 1950ల నుంచి 1980ల దాకా, నత్తల వల్ల వ్యాపించే షిస్టోసోమియాసిస్ అనే పరాన్నజీవి రోగానికి ఊరూరా టార్టార్ ఎమెటిక్ అనే మందు ఇంజెక్షన్లు ఇచ్చారు. గాజు సిరంజిని సరిగా మరిగించకుండానే ఒకరి తర్వాత ఒకరికి వాడారు. అలా 4వ రకం పల్లెలకు పల్లెలనే చుట్టేసింది. ఒక రోగాన్ని తీయబోయి మరో రోగాన్ని ఎక్కించారన్నమాట!

మన 3వ రకానికి కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేసే గుణం ఎక్కువ. ఏ రకమైనా, సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ అనే రెండు మందులు కలిపిన మాత్ర ప్రధాన రకాలన్నిటి మీదా పనిచేస్తుంది.