టూడీ పదార్థాలపై పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఎంఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. టూడీ పదార్థాలను (కొద్ది పరమాణువుల మందమే ఉండే పలుచని పొరలను) ఉత్ప్రేరకాలుగా వాడటంపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. 'దానికి ఉద్యోగాలెక్కడ?' అని నాన్న టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నిస్సందేహంగా చేయమ్మా. అయితే పదార్థం పేరు చూసి గైడ్‌ని ఎంచుకోవద్దు. ఏ రసాయన చర్యపై పనిచేస్తావో ముందు తేల్చుకో.

మాలిబ్డినం డైసల్ఫైడ్‌నే తీసుకో. డీజిల్‌లోంచి గంధకాన్ని తొలగించడానికి రిఫైనరీలు దశాబ్దాలుగా వాడుతున్నది దీన్నే, కోబాల్ట్ లేదా నికెల్ కలిపి. విద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీయడంలో ఈ పదార్థపు పొరల అంచులే పనిచేస్తాయని, నడిమి భాగం దాదాపు ఊరికే ఉంటుందని 2007లో డెన్మార్క్‌లో ప్రయోగం చేసి చూపించారు. అప్పట్నుంచి పరిశోధనంతా అంచులు పెంచడం, నడిమి భాగాన్నీ పనిలోకి దించడం చుట్టూనే. ఇదంతా ఖరీదైన ప్లాటినానికి ప్రత్యామ్నాయం కోసమే. అయినా ఆమ్ల మాధ్యమంలో ప్లాటినందే ఇప్పటికీ పైచేయి. ఈ సంగతి తెలిసే అడుగు పెట్టు.

నాన్నగారికి ఇలా చెప్పు: 'టూడీ పదార్థాలు' అన్న పేరుతో వచ్చే ఉద్యోగాలు తక్కువే. కానీ ఉత్ప్రేరకాన్ని తయారుచేసి, నమ్మకంగా పరీక్షించడం వచ్చినవాళ్ల అవసరం రిఫైనరీలకు, బ్యాటరీ కంపెనీలకు, ఎలక్ట్రొలైజర్ (నీటిని విద్యుత్తుతో విడగొట్టే యంత్రం) కంపెనీలకు, హైదరాబాద్ ఫార్మా పరిశ్రమకూ ఉంటుంది. కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో ఆమోదించిన హరిత హైడ్రోజన్ మిషన్ కూడా ఈ రంగానికి ఊతమే.

నమ్మకంగా అని ఎందుకన్నానంటే, ప్లాటినం లేని ఉత్ప్రేరకాన్ని ఆమ్లంలో పరీక్షిస్తూ, ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగనే పెడితే అది కొద్దికొద్దిగా కరిగి నీ నమూనా మీద పేరుకుంటుంది. గ్రాఫ్ అద్భుతంగా వస్తుంది, ఘనత మాత్రం ప్లాటినానిది! అందుకే గ్రాఫైట్ కడ్డీ వాడాలి. ఇలాంటివి పట్టించుకునే ల్యాబ్‌లో నేర్చుకున్న పని ఎక్కడికెళ్లినా అక్కరకొస్తుంది.

ఇప్పుడు సీఎస్ఐఆర్-నెట్, గేట్ రెండింటికీ చదువు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం. హైదరాబాద్‌లోని ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉత్ప్రేరకాలపై పరిశోధన బలంగా ఉంది, ముందు అక్కడ ప్రయత్నించు. చేరేముందు ఆ ల్యాబ్‌లోని సీనియర్లతో మాట్లాడు. పరికరం మీద స్వయంగా కూర్చునే అవకాశం వారానికి ఎన్ని గంటలు దొరుకుతుందో, ఒక ఫలితాన్ని ఎన్నిసార్లు తిరిగి చేసి చూస్తారో మొహమాటపడకుండా అడుగు.