అబ్బాయి కాయిన్ల ఆటలో పోయిన డబ్బు తిరిగి వస్తుందా? కేసు అవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయికి 14 ఏళ్లు. సెలవుల్లో వాళ్లమ్మ ఫోన్‌లో కాయిన్లు తోసే ఆట ఆడేవాడు. పైనుంచి కాయిన్ వదిలితే కింది పళ్లెం ముందుకీ వెనక్కీ కదులుతూ అంచున ఉన్నవాటిని పడేస్తుంది, అంతే. కాయిన్లు అయిపోయినప్పుడల్లా ప్లే స్టోర్‌లో సేవ్ చేసి ఉన్న కార్డుతో కొన్నాడు. 89 రూపాయలవి 22 సార్లు, 249 రూపాయలవి 17 సార్లు, మొత్తం 6,191. ఓటీపీలు అదే ఫోన్‌కి వస్తాయి కాబట్టి మాకు తెలియలేదు. ఆ ఆటలో వచ్చిన ప్రకటన చూసి అలాంటిదే ఇంకో యాప్‌ను లింకు ద్వారా వేసుకున్నాడు. 5,000 పాయింట్లు వస్తే 10,000 రూపాయలు ఇస్తామన్నారు. మొదట 150 నిజంగానే మా ఆవిడ ఖాతాలో పడ్డాయి. తర్వాత విత్‌డ్రా చేయాలంటే 30 శాతం టాక్స్ కట్టాలంటే, నిజమేననుకుని మా ఆవిడ యూపీఐలో 3,000 పంపింది. ఇప్పుడు సెక్యూరిటీ డిపాజిట్ 5,000 అడుగుతున్నారు. ఇది జూదం కిందికి వస్తుందా? కొత్త చట్టం వచ్చాక ఆడినవాళ్లకీ జైలేనని పక్కింటాయన అంటున్నారు. మా డబ్బు వస్తుందా?

జవాబు: రెండో యాప్ సంగతి ముందు చూడండి. మొదటిది కాస్త ఆగినా ఫరవాలేదు, రెండోది ఆగదు. మీరు పంపిన 3,000 ఒక ఖాతాలో పడి, అక్కడినుంచి ఇంకో ఖాతాకు, ఆపైన ఏటీఎంకు పోతుంది. అది చేతులు మారకముందే ఆపించాలి. ఈ జవాబు చదివిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లైను కలవకపోతే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 5,000 మాత్రం పంపొద్దు. అది పంపితే ఇంకో పేరుతో ఇంకో మొత్తం అడుగుతారు.

ఫోన్ చేసేముందు ఇవి కాగితం మీద రాసుకోండి: డబ్బు వెళ్లిన మీ ఖాతా నంబరు, యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, మొత్తం, అవతలివాళ్ల యూపీఐ ఐడీ. చాలామంది యూటీఆర్‌కు బదులు యాప్ తనకోసం ఇచ్చుకున్న ట్రాన్సాక్షన్ ఐడీ చదువుతారు. దాంతో డబ్బు జాడ పట్టుకోవడం ఆలస్యమవుతుంది. ఫిర్యాదు తీసుకున్నాక అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇస్తారు. ఆ నంబరుతో మీ ఏరియా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వక ఫిర్యాదు కూడా ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 318(4), ఐటీ చట్టం 66డి వర్తించే మోసం ఇది. అవతలి ఖాతాలో డబ్బు ఆగితే, దాన్ని విడిపించమని మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేసుకోవాల్సి రావచ్చు.

మీ ఫిర్యాదులో ఆ 150 సంగతి దాచొద్దు. ఇలాంటి యాప్‌లు ఎరగా వేసే డబ్బు చాలాసార్లు మీలాగే మోసపోయిన ఇంకొకరిది. ఆ వ్యక్తి ఎక్కడో ఫిర్యాదు చేస్తే, ఆ జాడ మీ ఆవిడ ఖాతాదాకా వచ్చి ఖాతా మీద లియెన్ (డబ్బు తీయకుండా బ్యాంకు పెట్టే నిలుపుదల) పడొచ్చు. మీరే ముందు చెప్పి ఉంటే మీరు బాధితులని రికార్డులో ఉంటుంది.

టాక్స్ విషయం. ఆన్‌లైన్ ఆటలో గెలిచిన మొత్తంపై 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే, 2023 ఏప్రిల్ 1 నుంచి టీడీఎస్ కూడా ఉంది. అయితే టీడీఎస్ అంటేనే ఇచ్చేవాడు కోసుకుని మిగతాది ఇవ్వడం. 10,000 ఇచ్చేవాడు 3,000 పట్టుకుని 7,000 వేస్తాడు. పుచ్చుకునేవాడిని ముందు 3,000 పంపమనే పన్ను మన దేశంలో లేదు. ఈ ఒక్క ముక్క మీ ఆవిడకు ముందే తెలిసుంటే సరిపోయేది.

ఆ 3,000 బ్యాంకు ఇస్తుందా అంటే, ఆశ పెట్టుకోవద్దు. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లో మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదన్నది, మీకు తెలియకుండా మూడోవాళ్లు తీసుకున్న డబ్బుకు. మీ ఆవిడ తన చేత్తో పిన్ కొట్టి పంపింది. 6,191కీ ఇదే చిక్కు: ఇంట్లో పిల్లాడు ఓటీపీ కొట్టాడంటే బ్యాంకు దాన్ని ఖాతాదారు నిర్లక్ష్యం కిందే చూస్తుంది.

ఇప్పుడు మొదటి ఆట. ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల్లోపైతే గూగుల్‌నే రిఫండ్ అడగొచ్చు. ఇంట్లోవాళ్లు పొరపాటున కొన్నారని చెప్పడానికి వీలుంది. ఆ గడువు దాటితే గేమ్ తయారుచేసిన డెవలపర్‌ను అడగాలి. మీ ఉత్తరం నాకు చేరేసరికే చాలా కొనుగోళ్లకు ఆ గడువు పోయి ఉంటుంది. అయినా ఆర్డర్ హిస్టరీ తెరిచి, జీపీఏ అని మొదలయ్యే ఆర్డర్ నంబర్లు 39నీ తేదీలతో సహా రాయండి. ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీలోనే డెవలపర్ ఈమెయిల్ ఉంటుంది, అక్కడికి పంపండి. గేమ్ సెట్టింగ్స్‌లో ఉండే ప్లేయర్ ఐడీ కూడా జతచేయండి. ఆటలో మీ ఖాతా ఏదో వాళ్లు వెతకాల్సింది దాంతోనే. ఆటలో ఇంకా మిగిలిన కాయిన్లను ఎవరూ వాడొద్దు, గేమ్‌ను తీసేయొద్దు. వాడేసిన కాయిన్లకు డబ్బెందుకివ్వాలని వాళ్లు వాదిస్తారు, మిగిలినవాటికి ఆ మాట కుదరదు.

ఒక హెచ్చరిక. గూగుల్‌లో అపరిచితులు మీ కార్డు వాడారని 120 రోజుల్లోపు చెప్పుకునే దారి వేరే ఉంది. కొందరు తెలివిగా ఆ ఫారం నింపమంటారు. నింపొద్దు. కొన్నది మీ ఇంటి ఫోన్‌లోనే అని వాళ్ల రికార్డు చెబుతుంది, నిజమైన అభ్యర్థన కూడా అబద్ధాల లెక్కలోకి పోతుంది.

చట్టం మీకు ఎంత అండ? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం 18 నిండనివాడు ఒప్పందం చేసుకోలేడు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో 1903లోనే తేల్చింది. వినడానికి కేసు గెలిచేసినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ ఖాతా వాళ్లమ్మది, కార్డు వాళ్లమ్మది. కొన్నది పిల్లాడేనని మీరు చూపించాలి. వాళ్లమ్మ ఉద్యోగి అయితే, ఆమె డ్యూటీలో ఉండి ఫోన్ ఇంట్లో ఉన్న గంటల్లో పడిన ఆర్డర్లు వేరుచేయండి. అర్ధరాత్రి వెంటవెంటనే పడిన ఆర్డర్లూ ఉపయోగపడతాయి.

దీనికన్నా బలమైన దారి మరొకటి ఉందని నా అభిప్రాయం. ఇలాంటి ఆటల్లో "ఈ ఆఫర్ ఇంకా 59 సెకన్లే" అని గడియారం దిగుతూ ఉంటుంది. ఆ గడియారం కనపడగానే స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి, ఫోన్ పైమూల సమయం కూడా అందులో పడాలి. సున్నా అయ్యేదాకా ఆగి, గేమ్ మూసి, మళ్లీ తెరవండి. అదే ఆఫర్, అదే 59 సెకన్లతో మొదలైతే అది లేని తొందర పుట్టించడం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో (కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడల్లో) ఇది మొట్టమొదటిది. ఈ వీడియోతో ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. మీరు నివసించే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. 5 లక్షలలోపు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. కంపెనీ విదేశంలో ఉంటే నోటీసు అందించడానికే నెలలు పడుతుంది. 6,191 కోసం అంతదూరం పోవాలా అన్నది మీ ఓపిక.

ఇక జైలు భయం. పక్కింటాయన మాట సగమే నిజం, అదీ ఆయన అనుకున్న చట్టంలో కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బాటలు నడిపేవాళ్లకు మూడేళ్లదాకా జైలు, కోటి రూపాయలదాకా జరిమానా పెట్టింది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాడికి అందులో శిక్ష లేదు. ఆడినవాడికి ఆరు నెలలదాకా జైలన్నది మన రాష్ట్ర గేమింగ్ చట్టంలో ఉంది. 1974 నాటి ఆ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ చేర్చారు.

అయితే మీవాడు ఆడింది పందెమేనా? సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన గుండాట చూసే ఉంటారు. బొమ్మ మీద పది పెడతాం, పడితే డబ్బు జేబులోకి వస్తుంది. డబ్బు పెట్టడం, అదృష్టం, డబ్బు రావడం, మూడూ ఉన్నాయి. మీవాడి మొదటి ఆటలో మొదటి రెండూ ఉన్నా మూడోది లేదు. గెలిచిన కాయిన్ ఆ ఫోన్‌లోనే తిరుగుతుంది, రూపాయిగా మారదు. అందుకని అది జూదం కాదని నా అభిప్రాయం. కాకపోతే ఒక మెలిక: కేంద్ర చట్టం డబ్బిచ్చి కొన్న కాయిన్లు, టోకెన్లను కూడా పణం కిందే లెక్కగట్టింది. గెలిచినదాన్ని గిఫ్ట్ కార్డుగానో రీచార్జిగానో మార్చుకోనిచ్చే ఆటైతే నా జవాబు మారిపోతుంది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన అక్కడ నిలవదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది మన రాష్ట్రం కేసులోనే. డబ్బాట అయితే ఏదైనా ఒకటేనని 2025 చట్టం అంటోంది.

రెండో యాప్‌లో మీవాడు పైసా పందెం కాయలేదు. మీ ఆవిడ పంపింది దొంగ పన్ను. అక్కడ మీరు ఫిర్యాదుదారులు. పైగా వాడికి 14 ఏళ్లు. జువైనల్ జస్టిస్ నిబంధనల ప్రకారం కనీస శిక్షే ఏడేళ్లు, ఆపై ఉండే ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిందైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టరు. ఎవరైనా స్టేషన్‌కు పిలిచి బెదిరిస్తే ఉచిత న్యాయసాయం నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లలకూ మహిళలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఈ రాత్రే చేయాల్సినవి: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి, కార్డు తీసేయండి, యూపీఐలో ఆటోపే మాండేట్లు (డబ్బు దానంతటదే పోయేలా ఇచ్చిన అనుమతులు) ఏమైనా ఉంటే రద్దు చేయండి. లింకు ద్వారా వేసిన రెండో యాప్ మీ మెసేజ్‌లు చదువుతూ ఉండొచ్చు. దాని స్క్రీన్‌షాట్లు, చాట్, యాప్ పేరు, లింకు భద్రం చేసుకుని అప్పుడు తీసేయండి. యూపీఐ పిన్ కూడా మార్చండి. పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు 999 అంటూ ఫోన్ వస్తే అదీ ఆ ముఠా పనే, ఆ నంబరును 1930 ఫిర్యాదులో కలపండి.