వారానికి ఎన్ని కాంట్రాక్టులకు దరఖాస్తు చేయాలి?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, ఏడాదిన్నరగా హనుమకొండలో ఇంటి నుంచే యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్ పనులు ఫ్రీలాన్సర్‌గా చేస్తున్నాను. గత ఆరు నెలల్లో 118 కాంట్రాక్టులకు దరఖాస్తు చేస్తే ఐదు దక్కాయి; మొత్తం రూ.3,10,000 బిల్లు చేశాను. ఇంటి ఖర్చు, ఈఎంఐ, బీమా, పన్ను అన్నీ కలిపి నెలకు రూ.65,000 బిల్లింగ్ ఉంటే గానీ గడవదు. రోజుకు పది పంపమని ఒక స్నేహితురాలు, ఏరికోరి నెలకు రెండు మూడు పంపితే చాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? పంపినవాటి జాబితా జతచేశాను.

జవాబు: మీ ప్రశ్నకు సగం సమాధానం ఆ జాబితాలోనే ఉంది. చాలామంది ఫ్రీలాన్సర్లు వచ్చిన పనుల లెక్క మాత్రమే ఉంచుకుంటారు. రానివాటిని కూడా తేదీలతో సహా రాసిపెట్టుకునేవారు నాకు అరుదుగా తారసపడతారు.

ఆ 118లో, ఒక్కోదాని మీద గంటన్నర కూర్చుని, క్లయింటు ప్రస్తుత యాప్ తెరిచి చూసి, వాడేవారు ఏ స్క్రీన్ దగ్గర తడబడతారో రెండు వాక్యాల్లో చూపించి పంపినవి 40. వాటిలో నాలుగు పనులు దక్కి రూ.2,92,000 బిల్లు అయింది. మిగిలిన 78 పాత ప్రపోజల్‌లో పేరు మార్చి ఇరవై నిమిషాల్లో పంపినవి. వాటి వల్ల వచ్చింది రూ.18,000 లోగో పని ఒక్కటే, ఆ డబ్బు కూడా ఇంకా చేతికి రాలేదని మీరే పక్కన రాసుకున్నారు. మొదటి రకానికి 60 గంటలు, రెండో రకానికి 26 గంటలు పట్టాయి. అంటే దరఖాస్తు మీద పెట్టిన ప్రతి గంటకూ మొదటిది రూ.4,800 పైగా తెచ్చింది, రెండోది రూ.700 కూడా తేలేదు. రోజుకు పది అనే సలహా ఇక్కడే వీగిపోతుంది.

అలాగని నెలకు రెండు మూడుతో సరిపోదు. మీకు తగిన పని సగటున రూ.73,000 తెస్తోంది, పది దరఖాస్తులకు ఒకటి దక్కుతోంది. ఆరు నెలలకు కావలసిన రూ.3,90,000 రావాలంటే ఐదున్నర పనులు, అంటే నెలకు తొమ్మిది తగిన దరఖాస్తులు అవసరం. అయితే నలభైలో నాలుగు అనేది చిన్న లెక్క, అందులో అదృష్టం పాలు ఎంతో తేల్చలేం. కనుక నేనైతే పధ్నాలుగింటికి ఒకటి చొప్పున వేసుకుని, వారానికి మూడు అని నిర్ణయించుకుంటాను. గంటన్నర చొప్పున వారానికి నాలుగున్నర గంటలు అవుతుంది. దాన్ని జీతం లేని పనిగా కాక, మీ రేటులో కలుపుకోవలసిన ఖర్చుగా చూడండి.

ఇంకో లెక్క కూడా చూడండి. పదింటికి ఒకటి అనే నిష్పత్తి పూర్తిగా నిజమే అనుకున్నా, పన్నెండు పంపిన నెలలో ఒక్కటీ దక్కకపోయే అవకాశం 28 శాతం ఉంటుంది. మూడు నాలుగు నెలలకోసారి ఇలాంటి నెల రావడం మామూలే. ఆ నెలలో కంగారుపడి మళ్లీ ఇరవై నిమిషాల ప్రపోజళ్లకు దిగడమే అసలు నష్టం, మీ జాబితాలో మార్చి నెల చూస్తే అదే జరిగినట్టుంది. నాలుగు నెలల ఇంటి ఖర్చు విడిగా పొదుపు ఖాతాలో ఉంటే ఆ కంగారు ఉండదు.

నాలుగు నెలలే ఎందుకంటే, దరఖాస్తుకూ డబ్బుకూ మధ్య దూరం ఎక్కువ. జవాబు రావడానికి రెండు వారాలు, పని పూర్తవడానికి ఐదారు వారాలు, ఇన్వాయిస్ చెల్లింపుకు మరో 30 నుంచి 45 రోజులు వేసుకుంటే, ఈ వారం పంపిన దరఖాస్తు మూడు నెలల తర్వాతి కిరాణా ఖర్చుకు పనికివస్తుంది. అందుకే చేతిలో పని నిండుగా ఉన్నప్పుడు దరఖాస్తులు ఆపేయకండి. మూడింటిని ఒకటికి తగ్గించండి, చాలు. ఒకేసారి రెండు దక్కితే మొదలుపెట్టే తేదీ మూడు వారాలు జరపమని అడగవచ్చు, చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు.

ఏది తగినదో తేల్చడానికి మీ విషయంలో ఒక్క పరీక్ష చాలు: ఆ క్లయింటుకు చూపించగల పాత పని మీ దగ్గర ఉందా, బడ్జెట్ కనీసం రూ.50,000 ఉందా? రెండింటికీ అవును అంటేనే కూర్చోండి. డబ్బు దృష్టితో కూడా ఇది అవసరమే. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పంపాలంటే కనెక్ట్‌లనే టోకెన్లు కొనాలి, ఒక్కోటి 15 సెంట్లు. ఒక పనికి పన్నెండు అడిగితే 1.80 డాలర్లు. ఆ 78లో సగం అక్కడ పంపి ఉన్నా దాదాపు 70 డాలర్లు, అంటే ఆరు వేల రూపాయల మాట.

స్వదేశీ కంపెనీల పనులకు ఒక జాగ్రత్త. వృత్తిపరమైన ఫీజుగా లెక్కించి 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తే రూ.73,000కు చేతికొచ్చేది రూ.65,700. రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది, కానీ అప్పటిదాకా నెలవారీ లెక్కలో ఆ లోటు కనిపిస్తుంది. చిన్న వ్యాపారాల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. ఇకపై చేసే పనులకు ఇది ఆసరా అవుతుంది. పాత రూ.18,000 కోసం మాత్రం ఇన్వాయిస్ నంబరు, తేదీ వేసి ఈ వారమే మెయిల్ పంపండి, ఆ పని ఏ ప్రపోజల్ రాయడం కంటే ముందు పెట్టుకోండి.