సేవ కోసం చెయ్యి చాపడం: నా అనుభవం

ఉద్యోగం మానేసి కాలేజీ పిల్లల మధ్య క్రైస్తవ సేవకు వెళ్దామనుకుంటున్నాను, కానీ నెలనెలా సాయం చేయమని నలుగురినీ అడగాలంటే నోరు రావట్లేదు అని మీరన్నారు. తొలి ఏడాది నా పరిస్థితీ అదే.

"బీటెక్ చదివి చిప్ప పట్టుకుంటావురా" అంది మా అమ్మ. అయినా నోట్‌బుక్కులో అరవై పేర్లు రాసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. "తప్పకుండా ప్రార్థన చేస్తాం బ్రదర్" అన్నారంటే డబ్బుల మాట అక్కడితో సరి అని పదో ఫోనుకల్లా తెలిసిపోయింది. ఖాయంగా ఇస్తాడనుకున్న మేనమామ గృహప్రవేశం ఖర్చులు ఏకరువు పెట్టాడు. ఊహించనివాళ్ళు ఇచ్చారు.

"మనుషుల్ని అడగొద్దు, మోకాళ్ళ మీద దేవుణ్ణే అడుగు" అనేవాళ్ళు తగులుతారు. ఆ మాటను తీసిపారేయను. 1836లో గ్రోవ్స్ అనే ఇంగ్లీషు మిషనరీతో కలిసి మన దేశానికొచ్చిన బౌడెన్, బీర్ దొరలు ఏ మిషనరీ సొసైటీ జీతమూ లేకుండానే నరసాపురం, పాలకొల్లు వైపు సేవ చేశారు. నేనూ నాలుగు నెలలు ఎవర్నీ అడక్కుండా చూశాను. కాకపోతే నాది విశ్వాసం కాదు, మొహమాటం. అది ఒప్పుకోవడానికి అద్దె బాకీ పడాల్సొచ్చింది. బైబిల్లో అపొస్తలుడు పౌలు పొట్టకోసం డేరాలు కుట్టాడు నిజమే, ఫిలిప్పీ సంఘంవాళ్ళు పంపింది పుచ్చుకున్నాడు కూడా.

అడగడం కష్టమనుకున్నాను గానీ అంతకంటే కష్టమైంది ఇంకోటి ఉంది. మా సంఘంలో ఆటో నడిపే అన్న ఒకాయన ప్రతి ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్‌పేలో 150 రూపాయలు వేసేవాడు. కింద ఓ ముక్క: "పాపకి లెక్కల పరీక్ష, ప్రార్థించు." రెండు నెలలు రాలేదు. గుర్తుచేద్దామని ఫోన్ చేశాను. వాయిదాలు కట్టలేకపోతే ఫైనాన్సువాళ్ళు బండి పట్టుకుపోయారంట. "డబ్బులు రాకపోతేనే ఫోన్ చేస్తావా తమ్ముడూ? వచ్చినన్నాళ్ళూ ఒక్కసారీ చెయ్యలేదే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పాపకి లెక్కల్లో ఎన్నొచ్చాయో అప్పటిదాకా నేను అడిగిందే లేదు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళాను. పప్పుచారు, అప్పడాలతో అన్నం పెట్టారు. అప్పట్నుంచి నెలకి నాలుగిళ్ళకైనా వెళ్తున్నాను, డబ్బుల ఊసెత్తకుండా. ఈ పనిలో నాకు నిజంగా సంతోషమనిపించేది అదే. ఏ ఊళ్ళో దిగినా ఇప్పుడు నాకో కంచం ఉంది.

లెక్కల సంగతి: సేవ డబ్బులకి వేరే ఖాతా తెరవండి, వచ్చిందీ పోయిందీ మూణ్ణెల్లకోసారి కాగితం మీద పెట్టి ఇచ్చినవాళ్ళకి పంపండి. ట్రస్టు తరఫున తీసుకుంటుంటే, అమెరికా పౌరసత్వం ఉన్న మనవాళ్ళు పంపేది కూడా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్నారైలు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు.

ముందు ఆ అరవై పేర్లు రాయండి. మేనమామని మాత్రం చివర్లో పెట్టుకోండి.