నాన్న స్కూటర్ తాళం దాచెయ్యమంటారా?

ప్రశ్న: మా నాన్నగారికి 73. రోజూ పొద్దున్నే స్కూటరేసుకుని రైతు బజారుకి వెళ్ళి రావాల్సిందే. ఈ ఆర్నెల్లలో రెండుసార్లు కిందపడ్డారు, రెండోసారైతే ఆగి ఉన్న ఆటో పక్కని రాసుకుని పడ్డారు. మానెయ్యండి నాన్నా అంటే "నలభై ఏళ్ళుగా నడుపుతున్నా, నువ్వా నాకు చెప్పేది" అంటారు. అమ్మ తాళం దాచెయ్యమంటోంది. ఏం చెయ్యను?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దాచకండమ్మా. దాస్తే ఆయన ఇంకో తాళం చేయించుకుంటారు, లేదా అలిగి ఒకపూట అన్నం మానేస్తారు, బండి మాత్రం మానరు. ఎవర్నీ అడక్కుండా గడప దాటే వీలు ఆయనకి ఆ బండే కదా, లాక్కుంటే ఊరుకుంటారా!

అసలు ఎందుకు పడుతున్నారో ముందు చూడండి. ఆగి ఉన్న ఆటో పక్కని రాసుకున్నారన్నారు చూశారూ, నాకు అక్కడే అనుమానమొచ్చింది. ఈ వయసువాళ్ళు "పేపరు చక్కగా చదువుతున్నా, నా కళ్ళకేమైంది" అంటారు గానీ, పేపరు చదవడానికి సూటిగా ఎదుట ఉన్నది కనబడితే చాలు. నీటికాసులు, అదే డాక్టర్లు గ్లకోమా అంటారే, అందులో చాలామందికి ముందు పోయేది పక్కచూపు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, అందుకని మనిషికి తెలియనే తెలియదు. శుక్లాలైతే చీకటి పడ్డాక ఎదురొచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకుని రోడ్డునే కప్పేస్తాయి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అద్దాల నంబరు చూపించుకుని వచ్చెయ్యకుండా ఫీల్డ్ టెస్ట్ (పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష) కూడా చెయ్యమని అడగండి.

షుగరుందో లేదో మీరు రాయలేదు. ఉంటే, మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బజారుకెళితే, వంకాయలు బేరమాడి తిరిగొచ్చేసరికి షుగరు పడిపోయి చెమటలు, చేతుల్లో వణుకు, కళ్ళు మసకలు. రెండు ఇడ్లీలు తిన్నాకే బండి అని అమ్మగారితో చెప్పించండి, ఆ ఒక్క మాటా వింటారు. జలుబు మాత్రలు కొన్ని మగతగా ఉంచుతాయి, అవి వేసుకున్న రోజు బండి వద్దు.

ఇంకోటి, లైసెన్సు తేదీ చూడండి. యాభై అయిదు దాటాక రెన్యువల్ 5 ఏళ్ళకోసారే, డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ కావాలి, గడువు పోయి ఏడాది దాటిందంటే మళ్ళీ డ్రైవింగ్ టెస్టే. ఆయన్ని డాక్టరు ముందు కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి వంక దొరకదు.

మా మావగారితో నేను బేరం పెట్టుకున్నాను: దీపాలు పెట్టాక బండి తియ్యకూడదు, హైవే ఎక్కకూడదు, అద్దాలు రెండూ ఉండాలి (మెడ పట్టేసినవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేరు కదా, ఈయనేమో అడ్డమని ఎప్పుడో పీకేశారు). నెల్రోజులు గొణిగారు, తర్వాత అలవాటైంది, ఇంకో రెండేళ్ళకి ఆయనే మానేశారు. ఆదివారం మాత్రం ఇప్పటికీ కవరు తీసి తుడుస్తారు.

ప్రశ్న: పదిరోజుల కిందట స్పీడ్ బ్రేకర్ దగ్గర తమ్ముడి బైకు మీంచి అమ్మ పడింది. తల వెనక బొప్పి కట్టిందంతే. గుండెకి స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. రెండ్రోజులుగా పగలు కూడా నిద్రలోనే ఉంటోంది. వయసు వల్లేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ ఉత్తరం చూడగానే ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాం, ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ళ కోసం. వయసు మీద పడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న సన్నటి రక్తనాళాలు సాగి ఉండి చిన్న దెబ్బకే చిట్లుతాయి, రక్తం పలచబడే మాత్రలుంటే మరీనూ. రక్తం పుర్రె లోపలే బొట్టుబొట్టుగా ఊరుతూ ఉంటుంది, ఆ సంగతి రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత తెలుస్తుంది. మగత, తలనొప్పి, మాట తడబడటం, నడకలో తూలడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే సి.టి. స్కాన్. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ ఉన్నవాళ్ళకి అది ఇంకో ప్రమాదం.

బండి కొన్నప్పుడు వచ్చే శారీ గార్డు, వెనక పట్టుకునే పిడి ఉండి తీరాలని రూలే ఉంది, స్టైల్ కోసం ఊడబీకించకండి. హెల్మెట్ వెనక కూర్చునే అమ్మకీ తప్పనిసరే.

ప్రశ్న: నాకు 68, మోకాళ్ళ నొప్పులు. గుడికెళ్ళాలంటే పెద్ద రోడ్డు దాటాలి. సగం దాటేలోపే సిగ్నల్ మారిపోతుంది, టెన్షన్‌తో వెనక్కి పరిగెడతాను. ధనుర్మాసంలో తెల్లారకముందే వెళ్ళాలి, అప్పుడింకా భయం.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ సెకన్లు మీ మోకాళ్ళని చూసి పెట్టినవి కావండీ. సిగ్నళ్ళకి మామూలుగా వేసే లెక్క మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని. 18 మీటర్ల రోడ్డుకి 15 సెకన్లు. మోకాళ్ళ నొప్పులతో సెకనుకి 0.8 మీటర్లే నడిచారనుకోండి, 22 సెకన్లు పైనే పడుతుంది. అందుకని మీరు వచ్చేసరికే పచ్చలైటు వెలుగుతుంటే అడుగు వెయ్యకండి, దాన్ని పోనిచ్చి మళ్ళీ వెలిగినప్పుడు మొదలుపెట్టండి, డివైడర్ దగ్గర ఆగి రెండో సగం ఇంకో సిగ్నల్‌కి దాటినా గుడి ఎక్కడికీ పోదు. వెనక్కి మాత్రం వద్దు. మీరు ముందుకే వెళతారనుకుని బండివాడు మీ వెనక నుంచి తిప్పుతాడు. చెయ్యెత్తితే కారు ఆగొచ్చు, దాని పక్కనుంచి దూసుకొచ్చే బైకువాడికి మీ చెయ్యి కనబడదు. ఆగిన బస్సు ముందు నుంచి దాటినా అంతే.

మీ కాలనీ పెద్దలంతా సంతకాలు పెట్టి సెకన్లు పెంచమని ట్రాఫిక్ పోలీసులకి రాసివ్వండి. ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్‌కి లిఫ్టులున్నాయి, అలాంటిది దగ్గర్లో ఉంటే కాస్త చుట్టయినా అదే మేలు. లిఫ్టు లేని వంతెన కట్టి ముసలివాళ్ళని మెట్లెక్కమనడమేమిటో నాకెప్పటికీ అర్థం కాదు.

తెల్లవారుజామున లేతరంగు చీర కట్టుకోండి, ముదురు శాలువా వద్దు. ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకి కుడి అంచున, వచ్చే బండ్లకి ఎదురుగా నడవండి, చేతిలో టార్చి వెలుగుతూ ఉండాలి. చలికి మఫ్లర్ చుట్టుకున్నా చెవులు మాత్రం బయట ఉంచుకోండి, ఈమధ్య ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా వచ్చేస్తున్నాయి.