రబ్బరు మౌంట్ల (ఇంజిన్‌కి, ఫ్రేమ్‌కి మధ్య ఉండే రబ్బరు దిమ్మల) ఇంజిన్ ఉన్న బైక్‌కి కస్టమ్ సైలెన్సర్ పెడితే, దాన్ని ఫ్రేమ్‌కి బిగించాలా, ఇంజిన్‌కా?

ఇంజిన్‌కే, లేదా దానితో పాటే కదిలే గేర్‌బాక్స్‌కి బిగించాలి. ఫ్రేమ్‌కి తగిలించక తప్పకపోతే మధ్యలో రబ్బరు బుష్ ఉండాలి.

ఇలాంటి బైక్‌లో ఇంజిన్ ఊగుతుంది, ఫ్రేమ్ ఊగదు. సైలెన్సర్ పైపు ఒక చివర సిలిండర్ హెడ్‌కి (ఇంజిన్ పై భాగానికి), రెండో చివర ఫ్రేమ్‌కి గట్టిగా పట్టేస్తే ఆ ఊపంతా పైపే భరించాలి. ముందు హెడ్ దగ్గర గాస్కెట్ లీకవుతుంది, తర్వాత వెల్డింగ్ పగులుతుంది, కొన్నిసార్లు పైపుని హెడ్‌కి పట్టి ఉంచే స్టడ్డే విరుగుతుంది. పైగా రబ్బరు ఆపాల్సిన వైబ్రేషన్ పైపు మీదుగా ఫ్రేమ్‌లోకి చేరుతుంది.

హార్లే డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్‌నే తీసుకోండి. 2003 వరకు ఇంజిన్ నేరుగా ఫ్రేమ్‌కే బిగించి ఉండేది, 2004లో రబ్బరు మౌంట్లు వచ్చాయి. ఆ రబ్బరు మౌంట్ల బండిని ఐడిల్‌లో ఉంచి చూస్తే ఇంజిన్ ఊగడం కంటికే కనిపిస్తుంది. పైపు తోక చివర ఆ కదలిక ఇంకా ఎక్కువ. అందుకే ఫ్రేమ్‌కి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కి తగలకుండా చుట్టూ ఖాళీ వదలాలి.

పైపుని పట్టి ఉంచే బ్రాకెట్ మందంగా ఉంటే పైపు పగలదని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు: ఫ్రేమ్‌కి పట్టే బ్రాకెట్ ఎంత వంగకుండా గట్టిగా ఉంటే పైపు మీద అంత ఒత్తిడి. బిగించే వరుస కూడా ముఖ్యమే. అన్నీ వదులుగా అమర్చి, ముందు హెడ్ దగ్గరి నట్లు బిగించి, బ్రాకెట్ చివర్లో బిగించాలి. రంధ్రాలు కలవకపోతే బ్రాకెట్‌ని మార్చండి, బోల్టుతో పైపుని లాగి కలపొద్దు.